మా వాడికి నాలుగో కోచ్ ఎవరు? స్కూల్ బోర్డుకు ఒక తల్లి బహిరంగ లేఖ

గౌరవనీయులైన స్కూల్ బోర్డు ట్రస్టీలకు, సూపరింటెండెంట్ గారికి,

నమస్కారం. హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు హెడ్‌కోచ్ పదవి గురించి మీకు ఇంగ్లీషులో మూడు ఈమెయిళ్లు రాశాను. మొదటి రెండింటికీ అక్షరం మారకుండా ఒకే జవాబు వచ్చింది. మూడోదానికి అదీ రాలేదు. రెండు బోర్డు మీటింగుల్లో మైకు ముందు నిలబడి నాకిచ్చిన మూడేసి నిమిషాలు మాట్లాడాను. అజెండాలో లేని విషయం కాబట్టి చర్చించడానికి చట్టం ఒప్పుకోదన్నారు. నిజమే, టెక్సస్ ఓపెన్ మీటింగ్స్ చట్టం అలాగే ఉంది. మరి అజెండాలో ఎప్పుడు పెడతారంటే దానికీ జవాబు లేదు.

అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను. మీకు ఇంగ్లీషు ప్రతి విడిగా అందుతుంది. డాలస్‌కు ఉత్తరాన ఉన్న మన ఊళ్లలో తెలుగు ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆ ఇళ్లలో చాలామందికి ఈ గొడవే తెలియదు. "మన పిల్లలు ఫుట్‌బాల్ ఆడరు కదా, మనకెందుకండీ?" అంటారు. మూడేళ్ల కిందట నేనూ అదే అన్నాను. వాళ్లు కూడా చదవాలనే ఈ లేఖ.

జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా అబ్బాయి ఇప్పుడు పదకొండో తరగతి. ఆఫెన్సివ్ లైన్‌లో (బంతి మనదైనప్పుడు ముందు నిలబడి అవతలివాళ్లని అడ్డుకునే వరస) సెంటర్, అంటే ప్రతి ఆటలోనూ బంతిని ముందుగా పట్టుకునేది వాడే, ఎవరూ చూడనిదీ వాడినే. వాడు తొమ్మిదిలో చేరినప్పుడున్న హెడ్‌కోచ్ అప్పటికి ఆరేళ్లుగా ఇక్కడే ఉన్నారు. ఆ జనవరిలో ఇంతకంటే పెద్ద స్కూలు పిలిస్తే వెళ్లారు. రెండో ఆయన వచ్చి పది ఆటల్లో మూడు గెలిచారు. డిసెంబరులో మీరు తలుపులు మూసుకుని మాట్లాడుకున్నారు, బయటికొచ్చి ఏడుగురూ చేతులెత్తారు, ఆయన్ని కోచ్ పని నుంచి తప్పించి ఇంకో బిల్డింగుకు పంపారు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఆయన అసిస్టెంటునే మూడో హెడ్‌కోచ్‌ని చేశారు. ఆయన ఐదు గెలిచి, ఈ ఫిబ్రవరిలో వేరే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం చూసుకున్నారు. పక్కనున్న మనిషిని ఏడాదికే ఎలా పంపారో కళ్లారా చూసినవాడు ఇక్కడ ఎందుకు ఉంటాడు?

మూడు సీజన్లు, ముగ్గురు హెడ్‌కోచ్‌లు. ఇప్పుడు కుర్చీ ఖాళీ. మేలో స్ప్రింగ్ ప్రాక్టీస్ మొదలవ్వాలి. పన్నెండో తరగతిలో మావాడు నాలుగో మనిషి దగ్గర ఆడతాడు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఓడిపోతున్నామని నా ఏడుపు కాదు. ఏ కోచ్‌నీ జీవితాంతం ఉంచమనీ అనడం లేదు. చెడ్డ కోచ్‌ను ఆ రోజే పంపించాలి. కోచ్ మారిన ప్రతిసారీ మామూలు ఇళ్లలో ఏమవుతుందో మీ లెక్కలోకి రావడం లేదు, అదీ నా ఫిర్యాదు. ఏమవుతుందో వరసగా రాస్తున్నాను.

1. ముందు దెబ్బ తినేది ఆల్జీబ్రా క్లాసు.

ఇది ఆటలో లేని పిల్లల సంగతి, అందుకే మొదట పెట్టాను. టెక్సస్‌లో స్కూలు పోటీల్ని నడిపే సంస్థ యూఐఎల్ నిబంధన ప్రకారం, కొద్దిపాటి మినహాయింపులు పోను, కోచ్ అనేవాడు డిస్ట్రిక్ట్‌లో ఫుల్‌టైమ్ ఉద్యోగి అయి ఉండాలి. అంటే సాయంత్రం లైన్‌బ్యాకర్లకు, అంటే అవతలి జట్టును ఆపే పిల్లలకు, టాకిలింగ్ (పట్టి పడేయడం) నేర్పే మనిషే పొద్దున జాగ్రఫీయో లెక్కలో చెబుతాడు. హెడ్‌కోచ్ కదిలితే ఆయన ఒక్కడే కదలడు. తనతో వచ్చే నలుగురిని తీసుకెళ్తాడు, మిగిలినవాళ్లు కొత్తాయన ఉంచుతాడో లేదో అని ముందే వేరే చోటు వెతుక్కుంటారు.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. దానికి బంతి ఏ ఆకారంలో ఉంటుందో కూడా పట్టదు. కానీ దాని ఆల్జీబ్రా సారు లైన్‌బ్యాకర్ కోచ్. మార్చి మొదటి వారంలో ఆయన్ని మీరు రిలీవ్ చేశారు. కాంట్రాక్టు ఏడాది మధ్యలో టీచరు తనంతట తాను వదిలేసి వెళ్తే ఆయన సర్టిఫికెట్ మీద చర్య తీసుకునే వీలుంది, కాబట్టి మీరు సరే అంటేనే ఆయన వెళ్లగలిగారు. ఆ రోజు నుంచి క్లాసులో సబ్‌స్టిట్యూట్‌లే, వారానికొకరు. లెక్కలు తెలిసినావిడ ఒక్కరే వచ్చారు, ఆవిడ కూడా మూడు రోజులే ఉన్నారు. ఆల్జీబ్రా 1 చివర్లో రాష్ట్రం పెట్టే పరీక్ష ఉంది, అది హైస్కూల్ డిప్లొమా చేతికి రావడానికి లెక్కలోకొచ్చే ఐదు పరీక్షల్లో ఒకటి. దానికి ఇంకెన్ని వారాలున్నాయో మీకు తెలుసు.

మేం ఇంట్లో చెప్పుకోగలం. నాన్నకి లెక్కలు వచ్చు, లేకపోతే ట్యూషన్ పెట్టించుకోగలం. దాని పక్క బెంచీలో కూర్చునే పిల్ల వాళ్లమ్మ రెండు షిఫ్టులు చేస్తుంది. ఆ పిల్లకి ఎవరు చెబుతారు?

2. పదహారేళ్ల పిల్లాడి ఒంటి బరువు.

మొదటి కోచ్‌ది స్ప్రెడ్ ఆట, అంటే మైదానమంతా పరుచుకుని ఆడేది. లైన్‌లో ఉన్నవాళ్లు చురుగ్గా కదలాలన్నారు. రెండో ఆయనది బంతి పట్టుకుని మధ్యలోంచి తోసుకుపోయే ఆట. "వేసవి అయ్యేసరికి 25 పౌండ్లు పెరగాలి" అని మావాడికి చెప్పారు. ఆ వేసవికి మా అత్తయ్య ఊరినుంచి వచ్చారు, ఇక చూడండి. పొద్దున్నే ఆరు గుడ్లు, మధ్యాహ్నం నెయ్యి ఓడే ముద్దపప్పు, రాత్రి మళ్లీ కోడికూర. మనవడు తింటున్నాడని ఆవిడ సంబరం, పెరుగుతున్నాడని వాడి సంబరం. 25 అనుకుంటే 28 పెరిగాడు. ఆరు నెలలు తిరక్కుండా మూడో ఆయన వచ్చి, "మనం వేగంగా ఆడబోతున్నాం, 20 తగ్గాలి" అన్నారు.

ఆ తర్వాత వాడు రాత్రిళ్లు అన్నం మానేశాడు. మాకు తెలియకుండా మధ్యాహ్నం స్కూల్లోనూ మానేశాడని నెలన్నర తర్వాత తెలిసింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఎదిగే వయసులో ఇలా పెంచడం తగ్గించడం మంచిది కాదని మందలించారు. వాణ్నీ, నన్నూ. ఇందులో ఏ కోచ్ తప్పూ లేదు, ఎవరి ఆటకు తగ్గట్టు వాళ్లు అడిగారు. కానీ ముగ్గురి ఆటా మోసింది ఒకే ఒళ్లు.

3. నేర్చుకున్నది మరిచిపోవడం.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. సెంటర్ బంతిని క్వార్టర్‌బ్యాక్‌కు, అంటే ఆట నడిపించేవాడికి, ఇవ్వడంలో రెండు పద్ధతులు. ఒకటి, వెనకే ఆనుకుని నిలబడ్డ అతని చేతిలో పెట్టడం. రెండు, ఐదు గజాల వెనక నిలబడ్డ అతనికి కాళ్ల మధ్యలోంచి చూడకుండా విసరడం. మావాడు తొమ్మిదిలో విసరడం నేర్చుకున్నాడు, పదిలో చేతికివ్వడం, పదకొండులో మళ్లీ విసరడం. మొన్న ఆగస్టు చివర్లో మొదటి ఆటలో వాడు విసిరిన బంతి క్వార్టర్‌బ్యాక్ తల మీదుగా వెళ్లిపోయింది, అవతలివాళ్లకి టచ్‌డౌన్. నేను కన్సెషన్ స్టాండ్‌లో నాచోస్ మీద చీజ్ పోస్తున్నాను. స్టేడియం ఒక్కసారిగా నిశ్శబ్దమైతే తలెత్తి చూశాను. వాడి నంబరు కనబడింది. వరసలో నా ముందు నిలబడ్డాయన, నేనెవరో తెలియక, "ఆ సెంటర్‌ని తీసేయాలి" అన్నాడు. చీజ్ కొంచెం ఎక్కువే పోసి ఇచ్చాను, ఏం చేస్తాను?

4. పిల్లాడి ఆరోగ్యం గురించి కోచ్‌కి తెలిసినదంతా కోచ్‌తోనే వెళ్లిపోతుంది.

ఎవరికి ఉబ్బసం ఉంది, ఎవరు దెబ్బ తగిలినా చెప్పకుండా దాచుకుంటారు, ఎవరు నీళ్లు తాగడం మరిచిపోతారు. పిల్లల దెబ్బలు చూసుకునే ట్రైనర్ దగ్గర కాగితాలుంటాయి, కాదనను. 2011లో వచ్చిన నటాషా చట్టం వల్ల తలకు దెబ్బ తగిలిన పిల్లాడు డాక్టరు రాసివ్వనిదే తిరిగి మైదానంలోకి దిగకూడదు, అదీ ఉంది. కానీ ముందు దెబ్బ తగిలిందని పిల్లాడు చెప్పాలి కదా. కొత్త కోచ్ ముందు స్థానం సంపాదించుకోవాలని చూసే పిల్లాడు చెప్పడు. పాత కోచ్ అయితే వాడి నడక చూసి కనిపెడతాడు.

2023 జనవరిలో మనకు దగ్గర్లోనే రాక్‌వాల్-హీత్ హైస్కూల్లో ఏం జరిగిందో గుర్తుచేస్తాను. ఒక ఆఫ్ సీజన్ క్లాసులో పిల్లలచేత వందల కొద్దీ పుషప్‌లు తీయించారు. కండరాలు దెబ్బతిని కిడ్నీల మీదికొచ్చే రాబ్డోమయోలిసిస్‌తో కొందరు ఆస్పత్రిలో చేరారు. హెడ్‌కోచ్ రాజీనామా చేశారు. అది కోచ్‌లు మారడం వల్లే జరిగిందని నేను అనడం లేదు. కానీ ఏ కొత్త కోచ్ అయినా మొదటి వారాల్లో పిల్లల గట్టితనం చూడాలనుకుంటాడు. మా పిల్లలకు మూడేళ్లుగా అన్నీ మొదటి వారాలే.

5. కోచ్ వెళ్లొచ్చు, పిల్లాడు వెళ్లకూడదు.

ఆట కోసమే స్కూలు మారాడని తేలితే పిల్లాడు ఏడాదిపాటు వర్సిటీలో, అంటే స్కూలు మొదటి జట్టులో, ఆడకూడదని యూఐఎల్ నిబంధన. మంచిదే, లేకపోతే పిల్లల్ని వేలం వేస్తారు. ఆ నిబంధన పెద్దవాళ్లకు లేదు. నిన్న సాయంత్రం "మనదంతా ఒక కుటుంబం" అన్న మనిషి ఈ రోజు పొద్దున్నుంచి ఫోనెత్తకపోవచ్చు.

6. మధ్యస్థంగా ఆడే పిల్లలు.

స్టార్ ఆటగాడికి ఇబ్బంది లేదు, వాణ్ని వెతుక్కుంటూ కాలేజీలే వస్తాయి. దేశం మొత్తం మీద హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడేవాళ్లు ఏటా పది లక్షలు దాటతారు, వాళ్లలో ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల్ని నడిపే సంఘం) కాలేజీల్లో ఏ స్థాయిలోనైనా ఆడేది నూటికి ఏడెనిమిది మంది. మిగతా తొంభైమందికి కోచ్ చేసే మేలు వేరు. 1984 నాటి 'నో పాస్, నో ప్లే' చట్టం ప్రకారం ఏ సబ్జెక్టులోనైనా 70 రాకపోతే కనీసం మూడు వారాలు ఆటకు దూరం. మొదటి కోచ్ ప్రతి సోమవారం పిల్లల గ్రేడ్లు చూసి, 75 దగ్గర ఉన్నవాణ్ని పిలిచి కూర్చోబెట్టేవారు. మా ఇంటికి వచ్చే ఒక కుర్రాడున్నాడు, పేరెందుకులెండి, వాళ్లింట్లో వాడిని లేపేవాళ్లే ఉండరు. ఆ కోచ్ పొద్దున ఆరింటికి ఫోన్ చేసి లేపేవారు. ఆయన వెళ్లాక రెండో ఆయనకి ఈ సంగతి తెలియడానికే నవంబరు అయింది, డిసెంబరుకి ఆయనే లేరు. ఆ కుర్రాడు ఇప్పుడు ఆడటం లేదు. స్కూలుకి కూడా రోజూ రావడం లేదు.

7. కోచ్‌ల ఇళ్లు. క్లుప్తంగా చెబుతాను. రెండో కోచ్‌గారి కూతురు మా అమ్మాయికి ఫ్రెండు. వాళ్ల నాన్నని తీసేశారని ఆ పిల్లకి లంచ్‌రూమ్‌లో ఎవరో ఫోన్‌లో చూపిస్తే తెలిసింది.

మీలో ఒకరు పార్కింగ్‌లో నాతో మర్యాదగానే అన్నారు, "టెక్సస్‌లో కోచ్‌లు మారుతుంటారమ్మా, రెండేళ్లకోసారి రీఅలైన్‌మెంట్ వస్తుంది, ఏ స్కూలు ఎవరితో ఆడాలో మళ్లీ పంచుతారు, ఒకరు కదిలితే పదిమంది కదులుతారు, మా చేతిలో ఏముంది?" అని. అన్ని చోట్లా అంతే అయితే కార్పస్ క్రిస్టీ కాలలెన్‌లో ఫిల్ డనహర్ దశాబ్దాలు ఎలా ఉన్నారు? బ్రౌన్‌వుడ్‌లో గోర్డన్ వుడ్ 1960 నుంచి 1985 దాకా ఎలా ఉన్నారు? సౌత్ కరొలినాలో సమ్మర్‌విల్ హైస్కూలుకి జాన్ మెకిసిక్ 1952లో వచ్చి 63 సీజన్లు అక్కడే చేశారు, 621 ఆటలు గెలిచారు. కాలిఫోర్నియాలో డి లా సాల్ హైస్కూలు సంగతి మీకు నేను చెప్పాలా? బాబ్ లాడసూర్ అక్కడికి 1979లో వచ్చారు. 151 ఆటల వరస గెలుపు మొదలైంది 1992లో. మధ్యలో పదమూడేళ్లు. మీరు రెండో కోచ్‌కి ఇచ్చింది పది ఆటలు.

అలాంటివాళ్లు అరుదు, ఒప్పుకుంటాను. నేను అంత పెద్దవాళ్లని అడగడం లేదు. గుంటూరు జిల్లాలో నేను చదివిన జిల్లా పరిషత్ హైస్కూల్లో ఒక డ్రిల్లు మాస్టారుండేవారు. బెత్తం, ఈల, ఒక వాలీబాల్, అంతే ఆయన ఆస్తి. మా అన్నకీ, నాకూ, మా తర్వాత మా చిన్నాన్న పిల్లలకీ ఆయనే ఖోఖో నేర్పారు. ఏ ఇంట్లో తండ్రి తాగుతాడో, ఏ పిల్ల పొద్దున తినకుండా వస్తుందో ఆయనకి తెలుసు. జట్టు మండలం దాటింది లేదు. ఆయన రిటైరయిన రోజు ఊరు ఊరంతా వచ్చింది. ఇప్పుడు మా వైపు టీచర్ల బదిలీలకి పాయింట్లు, కౌన్సెలింగ్ ఉన్నాయి. ఎవరు ఎప్పుడు ఎందుకు కదులుతారో స్కూలుకి ముందే తెలుస్తుంది. 60 మిలియన్ డాలర్లతో 18,000 మంది కూర్చునే హైస్కూల్ స్టేడియం కట్టుకున్న ఆలెన్ మనకి పక్కూరే. ఇంత డబ్బున్న చోట ఆ పాటి పద్ధతి లేదంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

డిసెంబరు నిర్ణయానికి ఏ కొలతలు వాడారో తెలుసుకుందామని పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద అడిగాం. సరిగ్గా పదో పనిదినాన, అటార్నీ జనరల్ అభిప్రాయం కోరుతున్నామని మీ లాయరు నుంచి ఉత్తరం వచ్చింది. ఒక మనిషి సొంత విషయాలు మాకొద్దు. ఉద్యోగుల విషయాలు మూసిన గదిలో మాట్లాడుకునే హక్కు మీకుంది, ఉండాలి కూడా. మేమడిగింది కొలత. పది ఆటల్లో ఎన్ని గెలవాలి? గెలుపు కాక ఇంకేమైనా చూస్తారా?

మా డిమాండ్లు ఇవి.

1. నాలుగో హెడ్‌కోచ్ నియామకాన్ని వచ్చే మీటింగ్ అజెండాలో పెట్టండి. అజెండాలో ఉన్న అంశం మీద, మీరు ఓటు వేసేలోపు మాట్లాడే హక్కు 2019 నుంచి జనానికి చట్టంలోనే ఉంది.

2. ఏడాది మధ్యలో ఏ కోచ్‌ని రిలీవ్ చేసినా, ఆయన చెప్పే క్లాసుకి ఆ సబ్జెక్టు సర్టిఫికెట్ ఉన్న టీచరు దొరికాకే చేయండి. మిగతావన్నీ తోసేసినా దీన్ని మాత్రం తోసేయకండి. మార్చి నుంచి ఆల్జీబ్రా 1 పిల్లలకు జరిగిన నష్టం పూడ్చడానికి స్కూలు ఖర్చుతో సాయంత్రం క్లాసులు వెంటనే మొదలుపెట్టండి.

3. ఇంటర్వ్యూ కమిటీలో ఒక క్లాస్‌రూమ్ టీచర్ని, ఒక తల్లినో తండ్రినో పెట్టండి. చివరి ఇద్దరు అభ్యర్థుల్ని పిల్లలతో అరగంట కూర్చోబెట్టండి. ఆ తల్లి నేనే కావాలని లేదు, మావాడు ఆటలో ఉన్నాడు కాబట్టి నేను కాకపోతేనే మంచిది.

4. కొత్త కోచ్‌ని మూడు సీజన్ల తర్వాతే గెలుపోటముల మీద తూచండి, అది రాతపూర్వకంగా ఉండాలి. పిల్లల భద్రత, ప్రవర్తన విషయంలో తప్పు చేస్తే ఈ గడువు వర్తించదని కూడా అందులోనే రాయండి. కొలతలో పిల్లల గ్రేడ్లు, జట్టులో చివరిదాకా నిలిచినవాళ్ల సంఖ్య ఉండాలి.

5. వెళ్లే కోచ్, వచ్చే కోచ్, ట్రైనర్ ముగ్గురూ కూర్చుని ఒక్కో పిల్లాడి గురించి మాట్లాడుకునేదాకా పాత కోచ్ చివరి రోజు ఖరారు చేయకండి. బరువు పెంచమనో తగ్గించమనో ఎవరికి చెప్పినా ట్రైనర్‌కీ ఇంటికీ తెలియాలి.

6. కోచ్‌ని తీసేస్తే ఆ కబురు పిల్లలకి పెద్దవాళ్ల నోటితో, గదిలో కూర్చోబెట్టి చెప్పండి. కోచ్ ఇంట్లోవాళ్లకి అంతకంటే ముందు.

తెలుగు తల్లిదండ్రులకు రెండు ముక్కలు. ఇంటి పన్ను కాగితం తీసి చూడండి, అందులో పెద్ద వాటా స్కూలుదే. వీసా మీద ఉన్నవాళ్లకి ఓటు లేదు, నాకూ నిరుడు దాకా లేదు. కానీ బోర్డు మీటింగులో మాట్లాడటానికి ఓటు అక్కర్లేదు, పేరు రాయించుకుంటే చాలు. ఇంగ్లీషు యాస గురించి టెన్షన్ పడకండి, నాది విన్నారుగా. ఓటున్నవాళ్లు మాత్రం మే మొదటి శనివారం వేరే పని పెట్టుకోకండి. ఈసారి మూడు స్థానాలకు ఎన్నిక ఉంది. బోర్డు ఎన్నికలకి వచ్చేది గుప్పెడు మందే, మన వీధిలో వాళ్లంతా వెళ్తేనే తేడా తెలుస్తుంది.

ట్రస్టీలకు, సూపరింటెండెంట్ గారికి ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. వచ్చే మీటింగుకి మాట్లాడటానికి ఇప్పటిదాకా 31 మందిమి పేర్లు ఇస్తున్నాం. వాళ్లలో ఫుట్‌బాల్ పిల్లల ఇళ్లవాళ్లు పద్నాలుగు మందే. మిగతావాళ్లంతా ఆల్జీబ్రా 1 వాళ్లు. మనిషికి మూడు నిమిషాల చొప్పున గంటన్నర దాటుతుంది. ఆ సాయంత్రం వేరే కార్యక్రమం పెట్టుకోవద్దని మనవి.

ఇట్లు,
సెంటర్ ఆడే ఒక అబ్బాయికి, ఆల్జీబ్రా టీచరు లేని ఒక అమ్మాయికి తల్లి